జ్వరం దాచి కొండెక్కొద్దు, తమ్మీ



చలికాలం వచ్చింది. ఎండాకాలమంతా రూం, బస్సు, సైటు తప్ప వేరే లోకం చూడని మనకు ఈ నాలుగు నెలలే కాస్త తెరిపి. ఆదివారం వస్తుందంటే చాలు, జెబెల్ జైస్ పోదామా, హత్తా పోదామా, వాదీ షౌకా పోదామా అని ప్రతి రూంలో ఇదే ముచ్చట. అదే టైంలో ప్రతి రూంలో ఇద్దరు దగ్గుతున్నరు, ఒకరు దుప్పటి ముసుగు పెట్టుకొని పడుకున్నరు. ఫ్లూ తిరుగుతున్నది. పోయిన వారం మన గ్రూపులో దీని మీద పెద్ద వాదనే నడిచింది. సగం మంది "ట్రిప్పులన్నీ బంద్ పెట్టండి" అన్నరు. మిగతా సగం "సర్దికి భయపడేటోళ్లం గల్ఫుకు ఎందుకొచ్చినం" అన్నరు.

నేను ఈ రెండు మాటలూ ఒప్పుకోను. నేను డాక్టర్ను కాను. పదో తరగతి చదివి ఈ దేశం వచ్చిన, ఇరవై ఏండ్లుగా సైటు మీదనే ఉన్న. కానీ ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి ఉన్నది. ఇన్నాళ్లు గ్రూపులో ఎవరికీ చెప్పలేదు. దాని నుంచే మొదలుపెడత.

రెండేండ్ల కింద, జనవరి నెల. మా క్యాంపు నుంచి పద్నాలుగు మందిమి జెబెల్ జైస్ పోవడానికి ఒక వ్యాను మాట్లాడుకున్నం. మనిషికి 40 దిర్హామ్‌లు. తెల్లవారి ఐదు గంటలకు గేటు దగ్గర కలిసినం. అందులో ఒక తమ్ముడు, మా జగిత్యాల వైపు పిల్లగాడే, స్టీల్ ఫిక్సర్, వయసు ఇరవై ఆరు. జాకెట్ వేసుకొని, చేతులు చంకల్లో పెట్టుకొని నిలబడ్డడు. "ఏమైందిరా?" అంటే "రాత్రి నుంచి కొంచెం ఒళ్లు వేడిగున్నదన్నా, గంతే" అన్నడు. నేనేం చేసిన? నా బ్యాగులోంచి రెండు పెనడాల్ గోళీలు తీసి ఇచ్చి, "వేస్కో, కొండగాలి తగిలితే అదే పోతది" అన్న. అందరూ నవ్విండ్రు. వాడు కూడా నవ్వి వ్యాను ఎక్కిండు.

రెండు గంటల ప్రయాణం. చలిగా ఉన్నదని అద్దాలన్నీ మూసినం. వాడు వెనక సీట్లో నలుగురి మధ్యల కూర్చొని దగ్గుకుంటనే ఉన్నడు. పైకి చేరి కాలిబాట పట్టినంక మొదటి గంట బాగానే నడిచిండు. గోళీల బలం అది. తర్వాత వెనకబడ్డడు. "పోతుండండన్నా, వస్త" అన్నడు. మేం పోయినం. ఫోటోలు దిగినం. అరగంటైనా రాకపోతే వెనక్కి వచ్చి చూస్తే ఒక బండకు ఆనుకొని కూర్చున్నడు. పెదవులు ఎండిపోయినయి, ఒళ్లంతా వణుకుతున్నది, మాట్లాడితే ఆయాసం. లేపితే కాళ్లు నిలబడ్తలేవు. ఫోన్లో సిగ్నల్ లేదు. ఒకరు కిందికి ఉరికి సిగ్నల్ దొరికిన చోట 999కి ఫోన్ చేసిండు. నలుగురం వంతులేసుకొని మోసుకుంట, రాళ్ల మీద జారుకుంట, రోడ్డు మీదికి తెచ్చేసరికి రెండు గంటలు పట్టింది.

ఫ్లూ ముదిరి నిమోనియా అయిందని ఆస్పత్రిలో చెప్పిండ్రు. ఐదు రోజులు ఉంచుకున్నరు. ఆ ఐదు రోజులు ఊర్లో ఉన్న వాళ్లమ్మకు ఫోన్ చేసి "డ్యూటీలో బిజీగున్నడమ్మా" అని అబద్ధం చెప్పింది నేనే. వ్యానులో వచ్చిన పద్నాలుగు మందిలో తొమ్మిది మంది ఆ వారంలోనే మంచం పట్టిండ్రు. మా రూంలో ట్రిప్పుకు రానే రాని యాభై ఐదేండ్ల షుగర్ పేషెంట్ అన్న ఒకాయన, ఆయనకూ అంటుకున్నది. ఆయన కోలుకోవడానికి నెల పట్టింది.

ఆ రోజు కొందరు "వానికి కొండ ఎత్తు పడలేదు" అన్నరు. అది తప్పు. జెబెల్ జైస్ ఎత్తు సుమారు 1,900 మీటర్లు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు ఎక్కువగా 2,500 మీటర్లు దాటినంకనే వస్తదని డాక్టర్లు చెప్తరు. వాణ్ని పడగొట్టింది ఎత్తు కాదు. జ్వరం, దాని మీద ఎక్కుడు, వాటి మీద నా రెండు గోళీలు.

ఇప్పుడు నా మాట ఏందంటే, జ్వరం దాచినోడిది ఒక వంతు తప్పైతే, దాచేటట్టు చేసిన మనది మూడు వంతుల తప్పు. వాడు ఎందుకు దాచిండో తర్వాత నాకే చెప్పిండు. కట్టిన 40 దిర్హామ్‌లు వాపస్ రావు. వారానికి ఉన్నది ఒక్క ఆదివారం. రానంటే రూంలో "ఆడపిల్ల లెక్క" అని నవ్వుతరు. అందరూ పోతే ఖాళీ రూంలో ఒక్కడే పడి ఉండాలె. అన్నిటికంటే పైన, సూపర్‌వైజర్ అన్న "వేస్కో, అదే పోతది" అన్నంక కాదనడం ఎట్ల? చూడండి, ఈ ఐదు కారణాల్లో ఒక్కటి కూడా కొండది కాదు, రోగానిది కాదు. ఐదూ మనం పెట్టినయే. మనం పెట్టినయి కాబట్టి మనమే తీసేయొచ్చు.

ట్రిప్పులు బంద్ పెట్టమనే అన్నలకు నా జవాబు ఇది. రోగం కొండ మీద లేదు. ఫ్లూ అంటేది దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, దగ్గర కూర్చొని మాట్లాడినప్పుడు. గాలి ఆడే చోట, మనిషికీ మనిషికీ దూరం ఉన్న చోట అది తక్కువ అంటుతది. మూసిన వ్యానులో, ఎనిమిది మంది పడుకునే రూంలో, మెస్సులో ఎక్కువ అంటుతది. ట్రిప్పు బంద్ పెడితే ఆ ఆదివారం అందరం ఎక్కడుంటం? అదే రూంలో, అదే ఏసీ కింద, ఫోన్లు చూసుకుంట. దానికన్నా బాగున్నోళ్లు బయటి గాలిలో నాలుగు గంటలు నడిచి రావడమే మంచిది. ఊరికి దూరంగా ఉన్న మనిషికి కొండ చూస్తే మనసు కుదుటపడతది. కొండగట్టు మెట్లు ఎక్కినప్పుడు ఉండే హాయి ఇక్కడా దొరుకుతది. దాన్ని తీసేయొద్దు.

భయమెందుకనే తమ్ముళ్లకు కూడా చెప్పాలె. జ్వరం ఉన్నప్పుడు గుండె ఊరికనే వేగంగా కొట్టుకుంటది. ఒంట్లో నీళ్లు ఊరికనే తగ్గిపోతయి. దాని మీద ఎత్తు ఎక్కితే గుండెకు రెండింతల పని. కొందరిలో ఈ వైరస్ గుండె కండకు కూడా వాపు తెస్తదని, అప్పుడు గట్టి శ్రమ చేస్తే ప్రాణం మీదికి వస్తదని డాక్టర్లు చెప్తరు. వయసులో ఉన్నోళ్లకు, కండ ఉన్నోళ్లకు కూడా ఇది వచ్చిన సందర్భాలు ఉన్నయి. పెనడాల్ జ్వరాన్ని దించుతది గానీ రోగాన్ని చంపదు. ఒంట్లో మంట మండుతుంటే అలారం తీగ కోసేసినట్టు. సైటులో ఎవడన్న అలారం తీగ కోస్తే మనం ఊకుంటమా?

సైటు ముచ్చట వచ్చింది కాబట్టి అడుగుత. పొద్దున టూల్‌బాక్స్ మీటింగులో కళ్లు తిరుగుతున్నయని ఒకడంటే వాణ్ని స్కాఫోల్డింగ్ ఎక్కిస్తమా? ఎక్కించం. కింద పని ఇస్తం, లేదా క్లినిక్కు పంపుతం. హార్నెస్ లేకుండ ఎవణ్నీ పైకి పోనియ్యం. ఆరు రోజులు ఇంత పద్ధతిగా ఉండే మనం ఏడో రోజు వ్యాను ఎక్కంగనే అంతా మరిచిపోతం. సైటులో పడితే కంపెనీ సేఫ్టీ ఆఫీసర్ అడుగుతడు. కొండ మీద పడితే అడిగేటోడు ఎవడూ లేడు, అందుకే మనమే అడగాలె.

మా క్యాంపులో ఇప్పుడు మేం పెట్టుకున్న పద్ధతి చెప్త. మీకు నచ్చితే మీ దగ్గర పెట్టుకోండి.

మొదటిది డబ్బు. ట్రిప్పుకు పైసలు ఇచ్చినోడు ఒంట్లో బాగలేక ఆగిపోతే పూర్తి డబ్బు వాపస్. వ్యాను కిరాయి ఎట్ల కట్టాలె అంటరా? మనిషికి 3 దిర్హామ్‌లు ఎక్కువ వసూలు చేసి పక్కన పెడుతున్నం. పద్నాలుగు మందికి 42 దిర్హామ్‌లు అయితది, అంటే ఒకరు ఆగినా లోటు దాదాపు ఉండదు. ఎవరూ ఆగకపోతే ఆ డబ్బు వచ్చే ట్రిప్పుకు. ఒక్క చాయ్, సమోసా పైసలతో ఒక మనిషికి నిజం చెప్పే ధైర్యం వస్తది.

రెండోది, ముందురోజు రాత్రి అడగడం. శనివారం డ్యూటీ నుంచి వచ్చినంక ట్రిప్పు చూసేటోడు ప్రతి ఒక్కరినీ విడిగా అడగాలె. జ్వరం, చలి, ఒళ్లు నొప్పులు, కొత్తగా మొదలైన దగ్గు, గొంతు నొప్పి, విరేచనాలు, వీటిలో ఒక్కటున్నా ఆగాలె. పెనడాల్ వేసుకున్నవా అని తప్పకుండ అడగాలె. పది మందిలో అడిగితే ఎవడూ చెప్పడు, పక్కకు పిలిచి అడగండి. ఫ్లూ అంటినంక రెండు మూడు రోజులకు బయటపడతది. బయటపడక ముందురోజు నుంచే వేరేటోళ్లకు అంటించగలుగుతడు. తర్వాత ఐదారు రోజులు అంటిస్తనే ఉంటడు. గోళీ వేసుకోకుండ ఒక రోజంతా, అంటే 24 గంటలు, జ్వరం రాకుంటేనే తగ్గినట్టు లెక్క. తగ్గినా ఆ వారం పెద్ద కొండ వద్దు. నీరసం పోలేదని మెట్లు ఎక్కితేనే తెలుస్తది. ముందు క్యాంపు చుట్టూ నడవండి, వచ్చే వారం చూసుకుందాం.

మూడోది వ్యాను. ముందర ఒకటి, వెనక ఒకటి అద్దం నాలుగు వేళ్లంత తెరిచి ఉంచాలె. చలేస్తే జాకెట్ వేసుకోండి, కిటికీ మూయకండి. జ్వరం పోయి పాత దగ్గు మిగిలినోళ్లు మాస్కు పెట్టుకోవాలె. 2020లో క్యాంపు గేట్లు మూసినప్పుడు మాస్కు విలువ ఏందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఇప్పుడు పెట్టుకుంటే నవ్వుడు ఎందుకు?

నాలుగోది తిండి, నీళ్లు. ఒక్క పెద్ద ప్లేటులో మందీ పెట్టుకొని పది చేతులు పెట్టే అలవాటు ఈ రెండు మూడు నెలలు పక్కన పెట్టండి. ఎవరి డబ్బా వాళ్లది. ఎవరి బాటిల్ వాళ్లది. తప్పక ఇంకొకరి నీళ్లు తాగాల్సి వస్తే ఊర్లో చెంబు ఎత్తి పోసుకున్నట్టు మూతి తగలకుండ పోసుకోండి. చలికాలం దాహం తెలవదు, అందుకే దాహం కాకపోయినా అరగంటకోసారి తాగాలె. మనిషికి మూడు లీటర్లకు తక్కువ తీసుకుపోవద్దు. వాదీ గుంటల్లో నిలిచిన నీళ్లు తాగొద్దు, ఎంత తేటగా కనపడ్డా సరే.

ఐదోది నడక. అందరికంటే మెల్లగా నడిచేటోణ్ని ముందర పెట్టండి, మిగతా అందరూ వాని అడుగే నడవాలె. అందరికంటే అనుభవం ఉన్నోడు చివర. మేం చేసిన తప్పు అదే. గట్టిగున్నోళ్లం ముందర ఉరికినం, వాణ్ని ఒంటరిగా వదిలినం. "మీరు పోండి, నేను వస్త" అని ఎవడన్న అంటే ఆ మాటను నమ్మొద్దు. అది సాయం అడిగే మాట. అక్కడనే అందరూ ఆగాలె. ఒకరికి బాగలేదంటే అందరూ దిగాలె. కొండ ఎక్కడికీ పోదు.

ఇంకా కొన్ని ఎప్పటికీ గుర్తుంచుకోవాల్సినయి. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరు డిగ్రీల వేడి తగ్గుతది. కింద 20 ఉంటే జైస్ పైన పది కూడా ఉండకపోవచ్చు. 2017 ఫిబ్రవరిలో అక్కడ మంచు కూడా పడ్డది. జాకెట్ మరవొద్దు. మబ్బు పట్టితే వాదీలోకి దిగొద్దు. మన నెత్తి మీద వాన లేకున్నా పైన కొండల్లో పడ్డ నీళ్లు ఒక్కసారి వచ్చి పడతయి. వరద ఉన్న వాదీలోకి బండి తోలితే 2,000 దిర్హామ్‌ల జరిమానా, 23 బ్లాక్ పాయింట్లు, 60 రోజులు బండి జప్తు. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకే పొద్దు గుంకుతది. మధ్యాహ్నం ఒంటి గంటకు ఎక్కడ ఉంటే అక్కడి నుంచే వెనక్కి తిరగాలె. ఎక్కే ముందు సిగ్నల్ ఉన్న చోటనే లొకేషన్ రూంలో ఒకరికి పంపాలె. 998 అంబులెన్స్, 999 పోలీస్, రెండూ ఫోన్లో దాచుకోండి.

ఇప్పుడు రూంలో ఆగిపోయినోని సంగతి. వాణ్ని ఒక్కణ్నే వదిలిపెట్టి అందరం పోతే వచ్చే వారం వాడు నిజం చెప్పడు. మా దగ్గర ట్రిప్పుకు పోనోళ్లలో ఒకరు గంజో, పప్పన్నమో చేసి పెడతరు, మూడు గంటలకోసారి చూస్తరు. మంచం కిటికీ వైపు జరుపుతం. పోయినోళ్లు మధ్యాహ్నం ఒక ఫోన్ చేయాలె. ఆయాసం వచ్చినా, ఛాతిలో నొప్పి లేచినా, పెదవులు నీలమైనా, మాట తడబడినా, మూడు రోజులైనా జ్వరం దిగకున్నా, దిగి మళ్లీ ఎక్కువైనా, ఇంక ఆలోచించొద్దు, ఆస్పత్రే. రెండు వారాలు దాటిన దగ్గును సర్ది అనుకోవద్దు, పరీక్ష చేయించాలె. షుగర్, బీపీ, ఉబ్బసం ఉన్న అన్నలు చలికాలం మొదట్లోనే ఫ్లూ టీకా వేయించుకుంటే మంచిది. అది పని మొదలుపెట్టడానికి రెండు వారాలు పడతది, ఏటా వేయించుకోవాలె.

జీతం పోతదని సిక్ చెప్పడానికి భయపడే తమ్ముళ్లు ఈ లెక్క గుర్తుంచుకోండి. ఇక్కడి లేబర్ చట్టం ప్రకారం ప్రొబేషన్ అయిపోయినంక ఏడాదికి 90 రోజుల దాకా సిక్ లీవు ఉన్నది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం జీతం, మిగతా 45 రోజులు జీతం లేకుండ. మూడు పనిదినాల లోపల కంపెనీకి తెలపాలె, డాక్టర్ సర్టిఫికెట్ ఇయ్యాలె. రూంలో పడుకొని "రేపు పోత" అనుకుంటే కాయితం ఉండదు, కాయితం లేకుంటే జీతం ఉండదు. కాబట్టి మొదటి రోజే క్లినిక్కు పోండి. 2025 జనవరి 1 నుంచి అన్ని ఎమిరేట్లలో కంపెనీలు వర్కర్లకు హెల్త్ ఇన్సూరెన్స్ చేయించాల్సిందే. ఆ ఖర్చు కంపెనీదే, మీ జీతంలో కోయొద్దు.

చివరగా నాలాంటి ఫోర్‌మన్లకు, సూపర్‌వైజర్లకు, రూంలో పెద్దమనుషులకు ఒక మాట. పిల్లలు మన నోటి వైపు చూస్తరు. మనం గోళీ ఇచ్చి "ఏం కాదు" అంటే ఏం కాదనే అనుకుంటరు. వాళ్ల ఇంట్లో అమ్మానాన్న ఇక్కడ లేరు. ఆ జాగాలో మనమే ఉన్నం. "ఆగు తమ్మీ, పడుకో, పైసలు వాపస్ ఇస్త" అనే మాట మన నోట్లోంచే ముందు రావాలె. మనకు జ్వరం వస్తే మనమే ముందు ఆగి చూపించాలె. పోయిన నెల నాకు గొంతు నొప్పి లేచింది, నేను పోలేదు. ట్రిప్పు మాట్లాడిందే నేను, అయినా పోలేదు. ఎవరూ నవ్వలేదు.

ఆ తమ్ముడు ఇప్పుడు బాగున్నడు. ఇంకా మా క్యాంపులోనే ఉన్నడు, పోయిన ఏడు పెండ్లి కూడా చేసుకొని వచ్చిండు. మొన్న శనివారం రాత్రి నాకు మెసేజ్ పెట్టిండు. "అన్నా, కొంచెం చలి పెడుతున్నది, గోళీ వేసుకోలేదు, రేపు నేను రాను." అరగంటలో వాని 43 దిర్హామ్‌లు వాని చేతిలో పెట్టిన. మంగళవారానికి తగ్గిపోయింది. వ్యానులో పోయి వచ్చిన పదమూడు మందిలో ఒక్కరు కూడా మంచం పట్టలేదు.

ఈ మెసేజ్ మీ రూంలో చదువు రాని అన్నలకు చదివి వినిపించండి. మీ క్యాంపులో వేరే పద్ధతి ఉంటే గ్రూపులో రాయండి, అందరం నేర్చుకుందాం. కొండకు పోండి, సంతోషంగా పోండి. పద్నాలుగు మంది పోతే పద్నాలుగు మంది తమ కాళ్ల మీద నడిచి రావాలె.

మీ అన్న,
ఒక సైటు సూపర్‌వైజర్